బ్రౌజరు కట్టుకున్న ఆదివారం

మా కంప్యూటర్లో తెలుగు విరిగిపోయేది. అంతకంటే మర్యాదగా చెప్పలేను. ఏ తెలుగు పేజీ తెరిచినా గుణింతాలు అక్షరాల్ని వదిలేసి దూరంగా నిలబడేవి. వత్తులు కిందకి దిగమని మొండికేసి అక్షరాల సరసనే కూర్చునేవి. కొత్తగా పెళ్ళయి కాకినాడ నుంచి మేముండే ఉత్తరాది ఊరు వైశాలికి వచ్చిన మా ఆవిడ ఒకసారి తెర వంక చూసి, “ఏవండీ, ఈ తెలుగుని లారీ ఏమైనా గుద్దేసిందా?” అంది.

నవ్వాను గాని లోపల ఒళ్ళు మండింది. ఆ కంప్యూటరు నేను నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజార్లో ఒక్కో ముక్కా ఏరి తెచ్చి బిగించుకున్నది. అందులో అందరిలా కాకుండా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని, అదేదో ఘనకార్యం చేసినట్టు తిరిగేవాణ్ణి. దాన్ని ఎవరైనా ఒక మాటంటే నాకు పడేది కాదు. తిడితే నేనే తిట్టాలి, రోజూ సాయంత్రం తిట్టేవాణ్ణి కూడా.

అవి తెలుగులో బ్లాగులు మొదలవుతున్న రోజులు. ఆవిడా ఒకటి మొదలుపెట్టింది. ఇంట్లో కుదరదు కాబట్టి మార్కెట్లో ఉన్న సైబర్ కేఫ్‌కి వెళ్ళి రాసేది. రాసి వచ్చిన రోజు మెట్లెక్కుతూనే తనలో తను నవ్వుకుంటూ వచ్చేది. మిగతా రోజుల్లో చుట్టూ హిందీ, మధ్యలో ఆవిడ. పక్కింటి పంజాబీ ఆంటీతో మాట “అచ్ఛా, ఠీక్ హై” దాటి ముందుకి పోయేది కాదు. ఏం రాస్తున్నావని నేనడిగితే, “మనింట్లో సరిగ్గా కనబడ్డ రోజున చదువుకుందురుగాని” అని తప్పించుకునేది.

ఆ వేసవిలో కేఫ్ నిండా తుపాకీ ఆటల గోల మొదలైంది. వెనక అరుపులు, పక్కన సిగరెట్ పొగ. ఒక సాయంత్రం ఆవిడ చెమటలు కక్కుతూ వచ్చి, చెప్పులు విప్పుతూ, “ఇంక వెళ్ళనండీ. రాయడం మానేస్తాను. పోనిద్దురూ, ఎవరు చదవొచ్చారు గనక” అంది. తేలిగ్గానే అంది. మెట్ల మీద ఆ నవ్వు లేకపోతే ఆ ఇల్లు నాకెందుకు?

లోపం ఎక్కడుందో నాకప్పటికే తెలుసు. మేం వాడే బ్రౌజరు తయారుగా దొరికేది. అందులో మన లిపుల్ని కలిపి చూపించే భాగాన్ని ఆపేసి ఉంచారు. కానీ అది తయారైన అసలు రాత, సోర్స్ కోడ్, అందరికీ తెరిచే ఉంది. తెచ్చుకుని, ఆ భాగాన్ని పనిచేయించి, మన బ్రౌజరు మనమే కట్టుకోవచ్చు. చెప్పడానికేం, ఎంత తేలికో! ఆఫీసులో ఒక మిత్రుడు సోర్సంతా సీడీలో రాసిచ్చాడు. ఆ వారమంతా సాయంత్రాలు దానికే ధారపోశాను.

ముందు చోటు కావాలి. హార్డ్ డిస్క్‌లో ప్రాణంలా దాచుకున్న సినిమాలన్నీ తుడిచేశాను. ర్యామ్ చాలదని ఇంకో ముక్క కొనుక్కొచ్చి గుచ్చాను. తర్వాత కంపైలరు, అంటే మనిషి రాసిన కోడ్‌ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సరంజామా. అది పెట్టగానే ఫలానా లైబ్రరీ లేదంది. ఆ లైబ్రరీ పెడితే, దానికి ఇంకేదో కావాలంది. మగపెళ్ళివారి అలకల్లా ఒకటి తీరిస్తే ఇంకోటి. నేను ఆఫీసులో ఇంగ్లీషు, బస్సులో హిందీ మాట్లాడేవాణ్ణి. ఇంటికొచ్చాక అలసిపోయి ఏదీ పెద్దగా మాట్లాడేవాణ్ణి కాదు. కోపమొస్తే మాత్రం గోదావరి తెలుగు తన్నుకొచ్చేది.

“నీ దుంపతెగ! ఇందాకేగా పెట్టాను? మళ్ళీ లేదంటావేంటి? నీకేమన్నా కళ్ళు దొబ్బాయా?”

వంటింట్లోంచి ఏ చప్పుడూ వచ్చేది కాదు. వింటోందేమోనన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఆదివారం పొద్దుటికి అన్నీ అమిరాయి. మన లిపుల్ని కలపమని ఒక ఫైల్లో ఒక్క వరస రాసి, ఇక కట్టమని ఆదేశమిచ్చాను. తెర మీద ఇంగ్లీషు వరసలు జలజలా పారాయి. కంప్యూటరు వేడెక్కిపోతుందని దాని కేబినెట్ మూత తీసేసి, ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపు తిప్పాను. మా ఆవిడ కొంగుతో విసురుకుంటూ, “ఎంచక్కా దాన్నే కట్టుకోవాల్సింది మీరు” అంది.

భోజనాల వేళకి మా ఇంటికి కరెంటొచ్చే ఫేజ్ పోయింది. యూపీఎస్ కీచుకీచుమని మొత్తుకోవడం మొదలెట్టింది. అయితే మా బిల్డింగ్‌లో ఒక ఆచారం ఉంది. ఒక ఫేజ్ పోతే, ఇంకో ఫేజ్ ఉన్న ఇంటివాళ్ళు బాల్కనీలోంచి వైరు అందిస్తారు. అడగడాలు, మొహమాటాలు ఏమీ ఉండవు. పక్కింటి ఆంటీ తన బాల్కనీలోంచి, “బేటా, హమారీ లైట్ హై! తార్ ఫేంకో!” అని కేకేసింది. మా ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరు విసిరాను. ఆంటీ తన హాల్లోని ప్లగ్గుకి పెట్టింది. యూపీఎస్ నోరు మూసుకుంది.

ఆంటీకి ఇడ్లీలు పంపుదామని మా ఆవిడ ముందే మినప్పప్పు నానబోసింది. ఆ ఎండలకి పప్పు ఎంతసేపాగుతుంది? “ఏవండీ, ఇప్పుడు రుబ్బకపోతే పులిసిపోద్ది” అంది. నేను తెర మీంచి కళ్ళు తిప్పకుండా, “ఆ బోర్డులో ఖాళీ ఉందిగా, పెట్టుకో” అన్నాను. కాకినాడ నుంచి రైల్లో పసిపిల్లలా పొదివి పట్టుకుని తెచ్చిన గ్రైండరది. ఒక్కసారి గర్రుమంది. టప్పున ఆంటీ ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోయింది. అప్పటికే నీరసించిన యూపీఎస్ చేతులెత్తేసింది. తెర నల్లబడింది.

పొద్దుటినుంచీ కట్టిందంతా బూడిదపాలైందనుకున్నాను. ఫ్యూజుని, గ్రైండర్ని, విద్యుత్తు కనిపెట్టినవాణ్ణి, అందరినీ కలిపి తిట్టాను. ఆంటీకి మాటలు అర్థం కాలేదు గాని స్వరం అర్థమైంది. “గుస్సా బాద్ మే, బేటా. పహలే ఫ్యూజ్ లగావో” అంటూ, కోపం తర్వాత పడి ముందు ఫ్యూజు వేయమంది.

వెళ్ళి కొత్త తీగ చుట్టి వచ్చాను. గ్రైండరూ మా ఆవిడా వేరే ఫ్యూజున్న ఆంటీ వంటింట్లోకి మకాం మార్చారు. కాసేపటికి ఇద్దరి నవ్వులూ గోడ దాటి వినిపించాయి. ఏ భాషలో నవ్వుకున్నారో నాకు తెలీదు.

ఏడుపు మొహంతో మళ్ళీ అదే ఆదేశమిచ్చాను. తీరా చూస్తే అది మొదటికి పోలేదు! కట్టినవన్నీ డిస్క్‌లో పదిలంగా ఉన్నాయి. వాటిని చకచకా దాటుకుంటూ వెళ్ళి, ఆగిన చోటే మళ్ళీ అందుకుంది. ఎగిరి గంతేయాలనిపించింది. “మా నాయనే!” అని కేబినెట్‌ని నిమిరాను.

దీపాలు పెట్టే వేళకి పని పూర్తయింది. అప్పటికి మా కరెంటూ వచ్చింది, ఆవిడా పిండి తీసుకుని ఇంటికొచ్చింది. నేను చెప్పకుండా కొత్త బ్రౌజర్లో ఆవిడ బ్లాగు తెరిచాను. వత్తులన్నీ బుద్ధిగా అక్షరాల కిందకి దిగి ఉన్నాయి. మొదటిసారి ఆవిడ రాసింది చదివాను.

“ఈ ఊళ్ళో రోజంతా నాకు తెలుగు వినబడదు. సాయంత్రం మా ఆయన వచ్చి కంప్యూటర్ని తిట్టడం మొదలుపెడతారు. అచ్చం మా నాన్న స్కూటర్ని తిట్టినట్టే. నేను కుళాయి కట్టేసి, స్టవ్ తగ్గించి వింటాను. అది బాగుపడిపోతే ఎలాగా అని నాకు బెంగ.”

తెర మీద అక్షరాలు మసకబారాయి. ఈసారి తప్పు బ్రౌజరుది కాదు.

వంటింట్లో కుళాయి ఆగింది. “ఏవండీ, చప్పుడు లేదేంటి? బాగైపోయిందా?”

గొంతు సవరించుకున్నాను. నిక్షేపంలా పనిచేస్తున్న కంప్యూటరు వంక చూస్తూ, “నీ దుంపతెగ!” అని గట్టిగా తిట్టాను.

ఆవిడ పిండి చేతులతో వచ్చింది. తెర చూసింది, నేనేం చదువుతున్నానో చూసింది, సిగ్గుపడి మోచేత్తో నన్ను పక్కకి నెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుని నా కుర్చీలో కూర్చుంది.

“ఏం రాస్తావు?” అన్నాను.

“మీరు తిడుతూ ఉండండి, నేను రాసుకుంటాను” అంది.