దులపని ఖాకాలు

హైమవతి చేతిలోని సూది ఆగకుండా దిగుతోంది. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద గీసిన మామిడిపిందె అంచు వెంట, నువ్వుగింజంత ఎడంతో ఒక్కో రంధ్రం పడుతోంది. దీన్ని ఖాకా అంటారు. చీర మీద పరిచి గుడ్డ ఉండతో పొడి అద్దితే, రంధ్రాల కింద తెల్లటి చుక్కలు తేలుతాయి. వాటి మీద జిగురు పెట్టి రాళ్లు అంటించాలి. పెళ్లయి సిరిసిల్ల నుంచి సూరత్ భేస్తాన్‌కు వచ్చాక, పక్కింట్లో చూసి పట్టుకున్న పని.

ఇప్పుడు సుద్దపొడి వాడుతోంది. అంతకుముందు ఇరవై రెండేళ్లు ఒకే కంపెనీ ముఖం పౌడర్ వాడింది. ముదురు రంగు చీర మీద కూడా దులిపితే మరక మిగిలేది కాదు. ఎండాకాలం చెమటకాయలు లేస్తే ఒంటికీ అదే చల్లుకునేది.

2020 మొదట్లో అండాశయంలో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ అయింది. లాక్‌డౌన్‌లో పోలీసులకు ఆస్పత్రి ఫైలు చూపించుకుంటూ కీమోకు వెళ్లొచ్చింది. మరుసటి ఏడాది వానలకు జుట్టు మళ్లీ మొలిచింది. ఆ పౌడర్ వల్లే క్యాన్సర్ వచ్చిందని విదేశాల్లో వేలమంది ఆడవాళ్లు దావాలు వేశారని ఆస్పత్రి వరండాలో విన్నప్పటి నుంచి, తానూ కంపెనీని అడగాలని పట్టుబట్టింది.

సూరత్‌లోనే ఉధ్నాలో ఉండే వకీలు శ్రీలేఖ ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. "పౌడర్‌తోనే వచ్చిందని డాక్టర్లు గట్టిగ చెప్తలేరు పెద్దమ్మా. కానీ అడిగే హక్కు నీకున్నది. ఏ పౌడర్, ఎన్నేండ్లు వాడినవ్, సబూత్ కావాలె. పాత డబ్బాలున్నయా?"

ఖాళీ అయ్యాక రాళ్లు పోసుకునే పౌడర్ టిన్ను డబ్బాలు ఆరున్నాయి. సోమవారం భర్త కనకయ్యతో కలిసి వాటిని తీసుకెళ్లి బల్ల మీద పెట్టింది. అద్దాల్లా మెరుస్తున్నాయి. కంపెనీ పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు. బూడిద, కొబ్బరిపీచు అన్నీ ఊడ్చేశాయి.

"తోమినవా పెద్దమ్మా!"

"మాసిన సరుకు ఒకరి చేతిల ఎట్ల పెడ్త బిడ్డా? చీరలిచ్చే సేఠ్‌కు గూడ ఎన్నడు పెట్టలే."

"నన్ను గూడ గిట్లనే తోముతది మేడం," అన్నాడు కనకయ్య. "నా నంబరు ఎప్పుడో పోయింది."

"నీకు నంబరుంటే గద పోయేది," అంది హైమవతి. కానీ తన చేతులతో తానే కేసు చెరిపేసుకున్నానని అర్థమైంది.

శ్రీలేఖ ఒక డబ్బా తిప్పి చూసి పక్కన పెట్టింది. "ఆ పౌడర్ అంటుకున్నది ఇంకేమన్న ఉన్నదా? కడగనిది?"

"పాత ఖాకాలున్నయి. ఆర్డర్ మళ్ల వస్తదని పారేయ."

ప్రతి ఖాకా మూలన లాట్ నంబరు, తేదీ ఆమె చేత్తో రాసినవే. రంధ్రాల్లో పౌడర్ ఇంకా ఇరుక్కునే ఉంది. ల్యాబ్‌లో పరీక్ష చేయించవచ్చని శ్రీలేఖ చెప్పింది. పౌడర్ అమ్మిన కిరాణా దుకాణం ముసలాయన సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకున్నాడు.

మూడు రోజులు ఆ పనే. ఒక్కో ఖాకాను కదలకుండా ప్లాస్టిక్ కవర్లోకి జార్చి, తేదీ, చీర రకం కాగితం మీద రాసింది. మొదటి రోజే చెయ్యి దానంతటదే బ్రష్ కోసం వెళ్లింది. కనకయ్య బ్రష్ తీసి పిర్ర కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"లే అయ్యా, జర అంచులన్న దులుపుత."

"వకీలమ్మ నిన్ను కాదు, నన్ను కొడ్తది. ముట్టకు."

గురువారానికి డెబ్బై ఒక్క కవర్లయ్యాయి. ఆఫీసులో శ్రీలేఖ ఒకటి కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. 1998 నాటిది, నెమలి. ఒక్క రంధ్రం కూడా చిరగలేదు.

"గెలుస్తమని మాటియ్య పెద్దమ్మా. కానీ కేసు మాత్రం నిలబడ్తది. వచ్చే వారమే వేద్దాం."

హైమవతి వాంగ్మూలం చివర తెలుగులో సంతకం పెట్టింది. కట్టను రెండు చేతులతో బల్ల అవతలికి జరిపింది.

"దుమ్ముగున్నయి బిడ్డా, ఏమనుకోకు."

"గిట్లనే కావాలె," అంటూ శ్రీలేఖ కవర్లు లెక్కపెట్టి, ముట్టినట్టు సంతకం చేసిచ్చింది.