కొండచిలువ గూట్లో నెయ్యి గిన్నె

ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. నేను పెంచి చెప్తాను. నాలుగు చినుకులు పడితే హంద్రీ నది పొంగిందంటాను. పక్కింటాయన తుమ్మితే మా గోడ బీటలు వారిందంటాను. నలభై దాటిన మనిషిని, ఇప్పుడు మారమంటే కుదరదు. కాబట్టి ఇందులో ఏ కొలత కనబడినా సగానికి కోసెయ్యండి, మిగిలిన సగాన్ని కూడా కాస్త అనుమానంగానే చూడండి. కొండచిలువ దగ్గర మాత్రం నా తప్పేమీ లేదు. నేను పెంచక్కర్లేకుండా అది తనంతట తానే పెరిగేది.

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు కంటికి కనబడేది కాదు. బస్సులు వెనక బొగ్గుల పొయ్యి కట్టుకుని, ముసలి ఆస్తమా రోగుల్లా దగ్గుతూ నడిచేవి. నేను కర్నూలులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా ఉన్నాను. ఆ వానాకాలం వాకిట్లో పందిరి వేద్దామని, నల్లమల నుంచి వచ్చిన బండిలో వెదురు కొన్నాను. కట్ట విప్పితే బొంగుల నడుమ చుట్ట చుట్టుకుని ఒక కొండచిలువ పిల్ల ఉంది. పిల్ల అంటే నా చెయ్యంత. నా చెయ్యి మీరు చూడలేదు గానీ, చాలా పెద్ద చెయ్యి. బండివాడు కర్ర ఎత్తాడు.

"ఆగప్పా! కట్ట కొన్నాక కట్టలో ఉన్నదంతా నాదే" అన్నాను, వకీలు దగ్గర పనిచేసే మనిషినన్న ధీమాతో.

బండివాడు కర్ర దించి, పామును ఒకసారి, నన్ను రెండుసార్లు చూశాడు. ఇద్దరిలో ఎవరికి దూరంగా ఉండాలో తేల్చుకుని బండి తోలుకుపోయాడు.

వంటింటి గోడకు అవతల, దానికి ఆనించి దించిన వారపాకలో పాముకు గూడు కట్టాను. బేతంచెర్ల నాపరాళ్ళు నాలుగు పక్కలా నిలబెట్టి, అడుగున ఇసుక పోసి, పైన తీగల మూత పెట్టి, మూత మీద రుబ్బురాయి ఎక్కించాను. వానాకాలమంతా అది రాజులా బతికింది. వారం వారం ఒక ఎలుకను మింగేది, గాలిలో తేమ ఉంది కనుక కుబుసం కూడా ఒళ్ళంతా ఒక్కటిగా వదిలింది. పాములను పెంచడం ఇంత తేలికని లోకానికి ఎందుకు తెలియలేదా అని ఆశ్చర్యపోయాను.

చలికాలం వచ్చాక తెలిసింది. మా వైపు చలికాలపు గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, తడిపంచె పిండి దండెం దాకా తీసుకుపోయేలోగా ఆరిపోతుంది. మనుషులకు పెదాలు పగులుతాయి, తలుపులకు చెక్కలు పగులుతాయి. ఆ గాలికి నా పాము కుబుసం ఒంటికే అంటుకుపోయి, పాతగోడ మీది సున్నంలా పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అది కూడా పర్వాలేదు. పాముకు కంటిరెప్పలు ఉండవు. కంటిని కప్పే పొర కూడా కుబుసంతోనే ఊడిరావాలి. అది రాలేదు. పాత పొర రెండు కళ్ళ మీదా మసకగాజులా ఉండిపోయింది. గూట్లోకి ఎలుకను వదిలితే, ఎలుక ఎడమ పక్కన ఉండగా ఇది కుడి పక్క రాతిని కరిచింది. ఎలుక ధైర్యం చేసి దాని వీపు మీద కూర్చుని మీసాలు దువ్వుకుంది.

ఆ దృశ్యం మా ఆవిడ కంటబడింది. ఆమెకు పామంటే భయం లేదు. ఆమెకు భయమున్న వస్తువు సృష్టిలో ఏదీ లేదని నా అనుభవం.

"ఏమయ్యా, సాకడం చేతనైతే సాకు. ఆ మూగజీవాన్ని గుడ్డిదాన్ని చేసి ఆకలికి సంపుతాండావే!" అంది.

"నేనేం చేస్తానే? గాలి పొడిగా ఉండాది."

"గాలి మీద పెట్టొద్దు. మళ్ళా కుబుసం ఇడిసేటప్పుడు చూస్తా. కండ్లతో సహా నిలువునా ఒలిసిందా, ఈడనే ఉంటాది. పేలికలైందా, వెదురు బండ్లోళ్ళతో అడివికి పంపిస్తా."

కోర్టులో ఎన్ని తీర్పులు విన్నానో గానీ ఇంత స్పష్టమైనది వినలేదు. పై కోర్టు కూడా లేదు.

మా పక్కింటి సాయిబు తమలపాకుల వ్యాపారి. కడప వైపు తోటల నుంచి ఆకు తెప్పించి కర్నూలంతా అమ్మేవాడు. ఎండల్లో ఆకును వాడిపోకుండా నిలబెట్టే విద్యలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. ఏ విద్యలోనైనా నన్ను మించినవాడు లేడని నా నమ్మకం గనుక మాకు బాగా కుదిరింది.

"నా ఆకుల మాదిరే చూసుకో అప్పా. తడిగోనె పరువు, పైన ఇంకో తడిగోనె కప్పు, పూటకోసారి తిరగెయ్యి" అన్నాడు.

"పామును తిరగెయ్యాల్నా భాయ్?"

"తిరగెయ్యకపోతే అడుగున కుళ్ళుతాది."

తిరగేసే పని మాత్రం వాయిదా వేసి, మిగిలినవన్నీ చేశాను. రెండు తడిగోనెల మధ్య నా పాము మంచులో పెట్టిన చేపలా బిగుసుకుపోయి, రెండో రోజుకు ముక్కు దగ్గర బుడగలు ఊదడం మొదలుపెట్టింది. కర్నూలు జిల్లాలో పడిశం పట్టిన మొదటి కొండచిలువ అదే.

"నీ ఆకుకు ముక్కు లేదు భాయ్, నా పాముకు ఉండాది" అన్నాను.

"ముక్కుండేది చెప్పనేలేదే నువ్వు!" అని సాయిబు నా మీదే విసుక్కున్నాడు.

గోనెలు తీసి కుంపటి పెట్టాను. పడిశం పోయింది, దాంతోపాటు ఉన్న కాస్త తేమా పోయింది. వేడి కావాలంటే పొడి వస్తోంది, తడి కావాలంటే చలి వస్తోంది. వేరొకరైతే ఇక్కడ చేతులెత్తేసేవారు. నేను కొలతలు మొదలుపెట్టాను. ఉష్ణమాపకం ఆసుపత్రిలో ఉందన్నారు గానీ, జ్వరం ఎవరికని అడిగితే చెప్పలేను. కాబట్టి మా ఇంట్లోనే రెండు యంత్రాలు కనిపెట్టాను. ఒకటి, చిన్న గిన్నెలో పేరిన నెయ్యి. అది గడ్డగా ఉంటే పాముకు చలి, అంచుల్లో కరగడం మొదలైతే హాయి, నూనెలా పారితే ప్రమాదం. రెండోది, మినప అప్పడం. విరిస్తే పటుక్కుమంటే గాలి పొడి, మడిస్తే తోలుముక్కలా ఒంగితే తేమ. చల్లటి కొసకు ఒక జత, వెచ్చటి కొసకు ఒక జత పెట్టాను. ఇంగ్లండులో దొరల బంగళాల్లో కూడా ఇంత కచ్చితమైన పరికరాలు ఉండవని ఇప్పటికీ నా అభిప్రాయం.

వెచ్చటి కొస అన్నాను కదా, అదెక్కడిదంటే మా ఆవిడ పొయ్యి వంటింట్లో ఆ గోడకే ఆనుకుని ఉంది. ఆమె సంగటికి ఎసరు పెడితే ఇవతల నాపరాయి వెచ్చబడేది. పాముకు పొద్దు పొడిచేది సూర్యుడితో కాదు, మా ఆవిడతో. కుంపటి తీసేసి, ఎండవేళ కూడా చల్లగా ఉండే అవతలి కొసన ఇసుకలో ఒక నీళ్ళకుండ పాతాను. తేమకు అది, వేడికి ఇది. తిరుగులేని ఏర్పాటు.

ఒక్కటే లోపం. కుండ దగ్గర అప్పడం తోలులా ఒంగేది. పొయ్యి గోడ దగ్గర అప్పడం పటుక్కున విరిగేది. పాము ఎప్పుడూ విరిగే అప్పడం దగ్గరే పడుకునేది. ఎన్నిసార్లు ఎత్తి కుండ దగ్గర పెట్టినా, నేను అటు తిరిగేలోగా వెచ్చటి రాతికి వచ్చి అతుక్కునేది. దాని తెలివితక్కువతనానికి జాలిపడ్డాను.

ఇంతలో పాము ఒళ్ళు మబ్బు పట్టినట్టు మసకేసింది, పాత పొర కింద కళ్ళు నీలంగా తెల్లబడ్డాయి. కుబుసం దగ్గరకు వచ్చిందన్నమాట. సరిగ్గా అప్పుడే నందికొట్కూరులో మా బావమరిది భార్య ప్రసవించింది. మా ఆవిడ బస్సెక్కుతూ, "నేనొచ్చేతలికి ఒలిసిందనుకో, కుబుసం పారెయ్యొద్దు. కండ్లు ఊడినాయో లేదో నేనే చూడాల" అంది. నా మాట మీద ఆమెకున్న నమ్మకం అలాంటిది.

ఆమె వెళ్ళాక గోడ చల్లబడింది. నెయ్యి గడ్డకట్టింది. పాముకోసం నేనే పొయ్యి ముట్టించాను. ఉత్తిపొయ్యి మండిస్తే ఇంటికి మంచిది కాదని మా అమ్మ అనేది గనుక పైన సంగటి కూడా పెట్టాను. గోడ వేడెక్కేదాకా మంట ఆపలేను, మంట ఆపేదాకా సంగటి మాడకుండా ఆగలేదు. పొగ వీధి చివరిదాకా పోయింది. సాయిబు గోడ మీదుగా తల పెట్టాడు.

"ఏమప్పా, ఇల్లు కాలుతాండాదా, వంట చేస్తాండావా?"

"వంటే భాయ్."

"అట్లయితే నీళ్ళు తెస్తా, ఉండు."

ఆ మసిచేతులతో, ఆ కంగారులో, వెచ్చటి కొసన గిన్నెలో కొత్త నెయ్యి వెయ్యబోయి ఇసుకంతా ఒలకబోశాను. సంగటి గొడవలో పడి అది మరిచిపోయాను. చీమలు మరవలేదు. కర్నూలు చీమలు నంద్యాలకూ, నంద్యాల చీమలు గిద్దలూరుకూ కబురు పంపినట్టున్నాయి. పొద్దున చూస్తే గూడు నల్లగా కదులుతోంది. కుబుసం ముందు పాము ఒళ్ళు పుండులా మెత్తగా ఉంటుంది. చీమలు కుట్టే కొద్దీ అది రాళ్ళకేసి కొట్టుకుంటోంది. చీమల దండు మీద నీళ్ళు ముందు నుంచి పోయాలా, వెనక నుంచి పోయాలా అని నేను చెంబుతో నిలబడి ఉండగా, చేతిలో మూటతో మా ఆవిడ లోపలికొచ్చింది.

చూసింది. మూట కింద పెట్టింది.

"బుట్ట తీసుకో. దాన్ని బయటికి ఎత్తు" అంది.

ఎత్తాను. పాము బుట్టలోకి పోకుండా నా భుజానికి చుట్టుకుంది. ఆమె ఇసుకంతా చేటతో ఎత్తి బయట పోసి, రాళ్ళు కడిగి, కొత్త ఇసుక పోసింది. పాము ఒంటి మీది చీమలను తడిగుడ్డతో అద్ది అద్ది తీసింది. తర్వాత లోపలికి పోయి తన పుట్టింటి ఇత్తడి పళ్ళెం తెచ్చింది. ఆ పళ్ళెంలో ఏనుగుపిల్లకు నీళ్ళాడించవచ్చు. దాని నిండా నీళ్ళు పోసి, వెచ్చటి కొసన పెట్టి, నీళ్ళ నడుమ నెయ్యి గిన్నె పెట్టింది.

"నెయ్యి గిన్నె నీళ్ళ పళ్ళెంలో పెట్టాలని తెలీదా నీకు? ఇన్నేండ్లు యాడ తింటివి నెయ్యి?"

"ఆ కొసన నీళ్ళెందుకే, కుండ ఈ కొసన ఉండాదిగా" అన్నాను, నా ఏర్పాటు చెడుతోందని.

"చీమలు నీ కొసలు చూసి వస్తాయా?" అని పొయ్యి ముట్టించింది.

మర్నాడు పొయ్యి గోడ దగ్గరి అప్పడం తీసి విరిచాను. విరగలేదు. ఇంకొంచెం వంచాను. తోలుముక్కలా ఒంగింది! చల్లటి కుండలో నీళ్ళు ఇన్నాళ్ళూ ఊరికే చల్లగా కూర్చున్నాయి. పొయ్యి వేడికి పళ్ళెంలో నీళ్ళు ఆవిరై, పాము పడుకున్న చోటే గాలిని తడుపుతున్నాయి. నెయ్యి అంచుల్లో కరుగుతోంది, అప్పడం ఒంగుతోంది. రెండు యంత్రాలూ ఒకే చోట హాయి అన్నాయి. నాలాగ కొలిచే మనిషి లేకపోతే ఈ సంగతి లోకానికి తెలిసేదే కాదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పాము మూతిని రాతి అంచుకు రాయడం మొదలుపెట్టింది. పెదవుల దగ్గర పొర లేచింది. చొక్కా చేతిని తిరగేస్తూ లాగినట్టు, తల మీదుగా, మెడ మీదుగా, అది పళ్ళేన్ని చుట్టి పాక్కుంటూ తన పాత ఒంట్లోంచి బయటికి నడిచొచ్చింది. ఎక్కడా చిరగలేదు. లోపలి నుంచి వచ్చిన పాము అప్పుడే నూనె రాసిన కొత్త పలకలా మెరిసింది.

మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. సాయిబు పిలవకుండానే వచ్చాడు. కుబుసం తలను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. కళ్ళ చోట కందిబద్దలంత పారదర్శకమైన బిళ్ళలు, రెండూ ఉన్నాయి. పాత పొరలు కూడా వాటికే అంటుకుని వచ్చాయి.

"నేను మొదట్నే చెప్తి, తడి కావాలని!" అన్నాడు సాయిబు.

"ఉండనీలే, ఈడనే పెరగనీ" అంది మా ఆవిడ.

ఆ సాయంత్రం ఎలుకను వదిలితే, అది మీసాలు దువ్వుకోవడానికి సమయం దొరకలేదు.

ఇక ఒప్పుకోలు. చీమలు నిజం, కావాలంటే నంద్యాల నుంచి వచ్చినవాటిని తీసెయ్యండి. పడిశం నిజం. పళ్ళెం నిజం, అందులో ఏనుగుపిల్ల కాదు గానీ పసిపిల్లకు నీళ్ళు పోశారు. నెయ్యీ అప్పడమూ నూటికి నూరుపాళ్ళు నిజం, ఎవరు నవ్వినా సరే. నేను పూర్తిగా కల్పించింది ఒక్క మాటే. ఇది రాసి మా ఆవిడకు చదివి వినిపిస్తే, "ఉండనీలే అని నేనెప్పుడంటి?" అని నిలదీసింది.

అనలేదు. ఆ రోజు కుబుసాన్ని నా చేతిలోంచి తీసుకుంది. రెండు కళ్ళ చోటా వేలితో తడిమి చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి, పళ్ళెంలో తగ్గినంత మేరకు పోసి, మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది.