ఎండ లేకుండా తేరిన నీళ్లు

రెండు వేల మూడో సంవత్సరం వేసవి చివర, విశాఖపట్నంలోని మా పరిశోధనశాలలో సీనియర్ కెమిస్టుగా ఉన్న నాకు ఒక పని అప్పగించారు. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న నూలు అద్దకం షెడ్డులో, నూలు జాడించగా వచ్చే రంగునీళ్లను ఎండతో శుభ్రం చేసి చూపించాలి. ఎండ ఒక్కటే చాలదు, దానికి ఒక తెల్లపొడి తోడు కావాలి.

ఆ పొడి టైటానియం డయాక్సైడ్. తెల్ల పెయింటులో వేసేది అదే. దాన్ని కంటికి ఆననంత సన్నని నానో రేణువులుగా తయారుచేస్తే, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు తనను అంటుకున్న రంగు అణువులను ముక్కలు చేసేస్తుంది. తాను మాత్రం తరగదు. ఇలా తాను ఖర్చు కాకుండా పని జరిపించే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటాం. కరెంటు అక్కర్లేదు, ఘాటైన మందులు అక్కర్లేదు. మా డైరెక్టర్ గారికి ఇంతకంటే ఏం కావాలి! ఇది పనిచేసి తీరుతుందని అందరికీ ముందే చెప్పేసుకున్నారు.

షెడ్డు యజమాని అప్పలనాయుడు గారిది సబ్బవరం దగ్గర పల్లె. పనివాళ్లంతా ఆయన ఊరివాళ్లే. రంగునీళ్లు గెడ్డలో, అంటే పక్కనున్న వాగులో, కలుస్తున్నాయని ఆయనకు మూసివేత నోటీసు వచ్చింది. మా పద్ధతి కాలుష్య నియంత్రణ ఇంజినీరుకు నచ్చితే షెడ్డు నడుస్తుంది, లేదంటే తాళమే. మొదటి రోజే ఆయన నాతో, "అమ్మగారూ, మీ పొడి మీదే మా బతుకులు ఆడతన్నాయి. ఏటి సేత్తారో మరి," అన్నారు.

తనిఖీ రోజున అల్పపీడనం పట్టింది. ఆకాశం పొద్దున్నుంచీ మసిగుడ్డలా ఉంది. వాయిదా వేద్దామంటే ఇంజినీరు గారు ఒప్పుకోలేదు. షెడ్డు వాకిట్లో వెడల్పాటి పళ్లెం పెట్టి, నీలి నీళ్లు పోసి, కాస్త యాసిడ్ చుక్కలు వేశాం. యాసిడ్ ఉంటేనే ఆ రంగు పొడిని పట్టుకుంటుంది. పొడి వేసి కలియబెట్టి, తేరుకోనిచ్చాం. ఈ వెలుగులో ఏమీ జరగదని, పరువు పోవడం ఖాయమని నేను అనుకుంటూనే ఉన్నాను.

నీళ్లు తేటగా తేరుకున్నాయి. మంచినీళ్లలా ఉన్నాయి.

డైరెక్టర్ గారి ఆనందం చూడాలి! ఎండ లేకపోయినా పనిచేసిందంటే మనం అనుకున్నదానికంటే ఇది గొప్పదన్నారు. ఇంజినీరు గారు జేబులోంచి పెన్ను తీశారు. అప్పలనాయుడు గారు టీలు తెప్పించారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. గట్టి ఎండ లేనిదే ఆ పొడి ఇంత త్వరగా రంగును విరగ్గొట్టలేదు. మరి నీలిరంగు ఎక్కడికి పోయింది? ప్రయోగశాలలో ఇది తెలుసుకోవడానికే ఒక పళ్లెం మీద నల్లగుడ్డ కప్పి ఉంచుతాం. దాన్ని చీకటి పరీక్ష అంటాం. ఆ రోజు ఆ గుడ్డ ఆకాశమే కప్పింది. పళ్లెం అడుగు చూశాను. తెల్లపొడి నీలిమందు పెట్టిన బట్టలా ఉంది.

అప్పుడే సంతకం చేయొద్దని ఇంజినీరు గారితో అన్నాను. డైరెక్టర్ గారి ముఖం కందగడ్డ అయింది. అప్పలనాయుడు గారైతే ఊరుకోలేదు.

"ఏటమ్మగారూ ఇది! నీళ్లు తెల్లగైపోనాయి కదా, ఇంకేటి కావాల మీకు? నోటికాడ కూడు లాగేత్తన్నారు!"

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. అడుగున చేరిన పొడి కొంచెం గాజు గ్లాసులోకి తీసి, యాసిడ్‌ను విరిచే చాకలి సోడా వాళ్ల షెడ్డులోనే ఉంటే, దాన్ని నీళ్లలో కలిపి పోశాను. పొడిని వదిలి నీలిరంగంతా నీళ్లలోకి వచ్చేసింది. రంగు చావలేదు, పొడిలో దాక్కుంది. ఆ పొడిని ఏ గట్టు మీదో పారబోస్తే, నెమ్మదిగా మళ్లీ గెడ్డలోకే చేరుతుంది. అదే చెప్పాను. ఇంజినీరు గారు పెన్ను జేబులో పెట్టుకుని, ఎండ కాశాక మళ్లీ వస్తానని, అందాకా అద్దకం ఆపమని అన్నారు. టీలు ఎవరూ ముట్టుకోలేదు. షెడ్డుకు తాళం పడటం నా కళ్లతో చూశాను. తిరిగి వచ్చేటప్పుడు జీపులో నాకు ఏడుపొచ్చినంత పనైంది, కానీ మాట మార్చుకోవాలని మాత్రం అనిపించలేదు.

ముసురు విడిచి ఎండ కాశాక మళ్లీ అదే వాకిట్లో, అదే పొడితో మొదలుపెట్టాం. ఈసారి నీళ్లు తేరాక కూడా పళ్లెం ఎండలోనే ఉంచి, మధ్యమధ్య కలుపుతూ కూర్చున్నాం. పొడిలోని నీలం వెలిసి వెలిసి తెల్లబడింది. ఆ పొడి కొంచెం గ్లాసులోకి తీసి, సోడా నీళ్లు అప్పలనాయుడు గారినే పోయమన్నాను. పోశారు. గ్లాసులో నీలం జాడే లేదు. నమ్మకం కుదరక ఇంకాస్త పోశారు, గ్లాసు కుదిపి ఎండకు పెట్టి చూశారు.

"రాలేదే! ఎటెల్లిపోనాదమ్మా?"

గాలిలో, నీళ్లలో కలిసిపోయేంత చిన్న ముక్కలైందని చెప్పాను. ఆయన గ్లాసు ఇంజినీరు గారి చేతిలో పెట్టి, "ఇప్పుడు రాసుకోండి సార్," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "ఆ రోజు మిమ్మల్ని తిట్టుకున్నానమ్మా. నాను సిన్నగా తిట్టుకోలేదు, గట్టిగానే తిట్టుకున్నాను." నవ్వారు. నాకూ నవ్వొచ్చింది.

అనుమతి షరతులతోనే వచ్చింది. జాడించిన నీళ్లకే ఈ పద్ధతి. చిక్కటి అద్దకం నీళ్లలోకి వెలుగు దిగదు కాబట్టి వాటిని వేరే చోటికి పంపాలి. మబ్బు పట్టిన రోజున అద్దకం లేదు. ఆ షరతు వల్ల వానాకాలంలో అప్పలనాయుడు గారికి ఇబ్బందే అయింది, అయినా షెడ్డు నిలబడింది.

పదవీ విరమణ దాకా నా కింద పనిచేసినవాళ్లు తేట నీళ్ల సీసా పట్టుకొచ్చి చూపిస్తే, ముందు పొడి కడిగి చూపించమనేదాన్ని. విసుక్కునేవారు. అనుకున్నట్టు జరగని ప్రయోగాన్ని ఎవరైనా అనుమానిస్తారు. కుదరకూడని రోజున కుదిరిన ప్రయోగాన్ని అంతకంటే ముందు అనుమానించాలని ఆ మబ్బు రోజు నాకు నేర్పింది.