చెలమలో సముద్రపు పురుగు

దయ్యాలూ, గాలీ ధూళీ నేనెప్పుడూ నమ్మలేదు. జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ని. మైక్రోస్కోపులో పదివేల రకాల జీవాలను చూడగానే పేరు పెట్టి పిలవగలిగినవాడు అనంతపురం జిల్లాలో నేనొక్కణ్నే. అలాంటి నేనే ఆ పూట నా కంటిని నమ్మలేకపోయాను.

రెండువేల రెండో, మూడో. వరస కరువు. శింగనమల వైపు నుంచి ఓబులేసు అనే గొర్రెల కాపరి బీరు సీసాలో నీళ్ళు పట్టుకుని నేరుగా మా కాలేజీ ల్యాబులోకి వచ్చేశాడు.

ఎండిన ఏటి ఇసుకలో చెలమ ఎవరు తవ్వితే వాళ్ళ గొర్రెలే ముందు తాగాలని వాళ్ళ కట్టుబాటు. తవ్వింది ఇతను. తమ్ముడు తన మందను ముందు తోలాడు. ఇద్దరూ కొట్టుకున్నారు. మర్నాడు ఆ నీళ్ళు తాగిన ఓబులేసు గొర్రెలు పదకొండు నురగలు కక్కి చచ్చాయి.

"మందు కలిపినాడని నువ్వొక మాట చెప్పు సార్. ఈ పొద్దే వాణ్ని నరుకుతా" అన్నాడు.

పురుగుల మందు మైక్రోస్కోపులో కనపడదు. ఆ మాట నేను చెప్పలేదు. సారు చూస్తే తేలిపోతుందని ఊళ్ళో అనుకున్నారట. కాదనడానికి గర్వం అడ్డొచ్చింది. చుక్క వేసి చూశాను.

గుండ్రంగా, ఊదిన బుడగలా ఉంది. పక్కన ఒకే ఒక తోక. నాక్టిలూకా. ఒంటి కణంతో బతికే జీవి, సముద్రంలో తప్ప ఉండదు. మాకు సముద్రమంటే రైలెక్కి పోయి చూసి రావలసిందే.

గాజుపలక కడిగాను. కొత్త డ్రాపర్ తీశాను. మళ్ళీ అదే. మా కొళాయి నీళ్ళు వేస్తే ఏమీ లేదు. సీసా నీళ్ళు వేస్తే ఉంది. ఉప్పగా ఉన్నాయేమో చూద్దామంటే నాలుక మీద వేసుకునే ధైర్యం లేదు.

తోక ఆడిస్తోంది, మందుంటే ఇది బతకదు, నీ తమ్ముడి తప్పేమీ లేదు అని చెప్పాను. సముద్రపు పురుగని కూడా చెప్పడం నా పొరపాటు.

"ఈడ తాగేకి నీళ్ళు లేవు, సముద్రమంట. మా తమ్ముడు నాకంటే ముందే వచ్చి నిన్ను కలిసినాడా?" అని మొదలుపెట్టి నా వంశాన్నంతా తిట్టాడు. చివరికి శాస్త్రానికి తలొంచి వెళ్ళిపోయాడు. తమ్ముడు బతికాడు. అన్నదమ్ములకు ఇప్పటికీ మాటల్లేవు.

మధ్యాహ్నం తోటి లెక్చరరు అవే నీళ్ళు చూస్తే బురద తప్ప ఏమీ లేదు. నాకు ఎండదెబ్బ తగిలిందని స్టాఫ్ రూములో అందరి ముందూ అన్నాడు.

పదివేలన్నది ఎక్కువే, ఒప్పుకుంటాను. మా స్లయిడ్ల పెట్టెలో ఉన్నవి నలభై. వాటికీ పేర్ల చీటీలు అంటించి ఉండేవి. కానీ నాక్టిలూకాను ఏటేటా పిల్లలకు చూపించినవాణ్ని, అందులో పొరబడను. ఆ చెలమలోకి అదెలా వచ్చిందో ఇవాళ్టికీ నాకు తెలియదు.

ఆ రోజు ఓబులేసు ఇంకా ల్యాబులో ఉండగానే నా తర్వాత ఆ అద్దంలో కన్ను పెట్టినవాడు మా ల్యాబు అటెండరు ఖాజా ఒక్కడే. మొన్న అతనికి ఇదంతా చదివి వినిపించాను.

"పురుగు ఉన్నింది నిజమే సార్, నేనూ చూస్తి" అన్నాడు. "అది తోక ఆడించలేదు. చచ్చిపోయి ఉండె. ఆయప్ప భుజం మీద గొడ్డలి చూసి మీరే ఆడిస్తిరి."