తడి ఉండాది, రేపొస్తా

ఎక్కడ పూలకుండీ కనబడినా భక్తవత్సలంగారి చూపుడువేలు మట్టిలోకి దిగిపోతుంది. నాడి చూద్దామని డాక్టరు చెయ్యి అడిగితే, ఆ చెయ్యి అప్పటికే డాక్టరుగారి మనీప్లాంటు కుండీలో ఉంటుంది. చూలై పేటలో ఆయన కాపురముండే మూడంతస్తుల ఇంట్లో ఆ వేలి సంగతి తెలియనివారు లేరు.

అంబత్తూరులో ఉద్యోగమొచ్చి గుంటూరు నుంచి దిగిన రంజని, ఆ ఇంట్లో ఒంటిగది అద్దెకు తీసుకున్న మర్నాడే ఆయన ఒక కరివేపాకు మొక్క తెచ్చి గుమ్మంలో పెట్టారు.

"చెట్టు నీది. నీళ్ళు ఎప్పుడు పోసేదో నేను చెప్తా."

ఇక రోజూ పొద్దున ఏడింటికి తలుపు చప్పుడు. రెండు కణుపుల దాకా వేలు దించి, కళ్ళు మూసుకుని, ఒకటే మాట: "తడి ఉండాది. రేపొస్తా."

రంజనికి ఒళ్ళు మండేది. అంత తమిళ ఊళ్ళో తెలుగులో పలకరించే మనిషి ఆయనొక్కడే, ఆ పలకరింపూ మట్టికే. ఆదివారాలు మరీ దిగులు. ఏం తోచక మొక్కకు పొద్దున చెంబెడు, సాయంత్రం చెంబెడు పోసేది. ఒక సోమవారం ఆయన కుండీ బోర్లించి, నల్లబడిన వేరు చూపించారు.

"దానికి దప్పికని పోసినావా, నీకు పొద్దుపోక పోసినావా?"

నిజం రెండోదే.

"వేరుకు గాలి కూడా కావాల మా. మునిగిపోతే ఊపిరాడదు," అంటూ కుళ్ళినంత మేర కత్తిరించి, పొడిమట్టిలో మళ్ళీ నాటారు.

కింద వాటా చిన్నపొన్ను తనకూ ఒక మొక్క ఇమ్మని ఏడాదిగా అడుగుతోంది. "మీ ఇంట్లో ఆరుమంది ఉండారు. చెట్టు నీకెందుకు మా?" అని పంపేస్తారు. అందరూ ఆయన్ని పిసినారి కింద జమకట్టేశారు.

ఒకరోజు రంజనికి జ్వరం. ఏడింటికి తలుపు చప్పుడైతే లేవలేకపోయింది.

"మొక్కకి ఇవాళ వద్దులెండి బాబాయిగారూ."

"చెట్టు సంగతి ఎవురు అడిగినారు?"

పావుగంటలో ఆయన మాత్రలతోనూ, చిన్నపొన్ను గంజితోనూ వచ్చారు.

జ్వరం తగ్గాక రంజని మెట్లన్నీ ఎక్కి దిగి చూసింది. ఇల్లంతటికీ మూడే కుండీలు. తన గుమ్మంలో ఒకటి, పై అంతస్తు ముత్తురాజ్ గుమ్మంలో ఒకటి, చివరి గది జెబ గుమ్మంలో ఒకటి. ముగ్గురూ ఒంటరివాళ్ళే. భక్తవత్సలంగారి గుమ్మంలో ఒక్క జత చెప్పులున్నాయి, కుండీ లేదు.

ఆ ఆదివారం ఆమె మల్లెమొక్క కొనుక్కొచ్చి అక్కడ పెట్టింది. సోమవారం ఆరున్నరకే తలుపు కొట్టింది. ఆయన తెల్లబోయి చూస్తుండగా రెండు కణుపుల దాకా వేలు దించి, కళ్ళు మూసుకుంది.

"తడి ఉండాది. రేపొస్తా."

మెట్ల మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. ఆయన వంగి వేలు పెట్టి చూస్తున్నారు. వేలికి పిసరంత మట్టి అంటలేదు, కుండీ ఎండిపోయి ఉంది.

"రంజనీ, ఇది..."

"ఏంటి బాబాయిగారూ?"

"ఏం లేదు మా," అన్నారాయన వేలు వెనక్కి దాచుకుంటూ. "రేపు రా."