రాణి చేత చేయించిన కార్తీక ఉపవాసం

పక్క వాటాలో ఎవరో ఎండుచేపలు వేయిస్తున్నారు. ఆ వాసనకి బెజవాడలో మా అపార్ట్‌మెంటంతా ముక్కు మూసుకుంటే నేను మాత్రం గుండెల నిండా పీల్చుకుంటాను. పీల్చుకున్న మరుక్షణం, తొమ్మిదేళ్ళ వయసప్పటి నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

మాది చేపల వ్యాపారం. కొల్లేటి గట్టున ఇల్లు, దానికి పెత్తనమంతా నానమ్మది. తెల్లారేసరికి వాకిట్లో మట్టగిడసలూ, జెల్లలూ, కొరమేనులూ గంపల్లో టపటపా కొట్టుకుంటుంటే, నానమ్మ వాటిని ఏరి, తడి గోనెలు కప్పి, హనుమాన్ జంక్షన్ వెళ్ళే వ్యానెక్కించేది. మేం పిల్లలం మెరిసే పొలుసులు గోళ్ళకి అంటించుకుని మురిసిపోయేవాళ్ళం. అలాంటి ఇంట్లో కార్తీకం వచ్చిందంటే నెలంతా చేప వండేవాళ్ళు కాదు. అమ్మకం మాత్రం ఆగదు. చన్నీళ్ళ స్నానాలు, అరటి దొప్పల్లో దీపాలు, కందా బచ్చలి కూర, సోమవారాలు చుక్క పొడిచేదాకా ఉపవాసం.

ఆ ఏడు కార్తీకానికి ముందే మా పిల్లి రాణి పాత వలల కుప్పలో మూడు పిల్లల్ని పెట్టింది. "ఇంట్లో అందరికీ ఏ నేమమో దానికీ అదే" అని తేల్చేసింది నానమ్మ. పెరుగన్నం పెడితే రాణి నాలుగు మెతుకులు నాకి, దేవుడి గూటి కింద కళ్ళు మూసుకుని కూర్చునేది. నీరసమని ఎవరికీ తట్టలేదు. ఎదురింటావిడ ఏకంగా చేతులు జోడించింది. "ఎంత నిష్ఠ పిన్నిగారూ, మా ఇంట్లో మనుషులకే లేదు!" వారం తిరిగేసరికి వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. రాణి గంపల దగ్గరికి పోకుండా తలుపేసి కాయడం నా పని. ఆ ఉద్యోగం చూసుకుని నాకెంత పొగరో!

రెండో సోమవారం పొద్దున రాణి తలుపు సందులోంచి జారుకుని, చిన్న జెల్ల ఒకటి కరుచుకుని వలల వైపు పరిగెత్తింది. నేను అడ్డం పడి, మెడ పట్టుకుని, పళ్ళ మధ్య నుంచి లాగేశాను. గీరలేదు, కనీసం గుర్రుమనలేదు. "నా బంగారమే" అని నానమ్మ నన్ను ముద్దుపెట్టుకుంది.

మధ్యాహ్నం పిల్లల్ని చూద్దామని వల ఎత్తాను. రెండే ఉన్నాయి. మూడోదాని తోకా, వెనక కాళ్ళూ మాత్రం రాణి ముందు పడున్నాయి. దాని మూతి నిండా నెత్తురు. నా అరుపుకి పరిగెత్తుకొచ్చిన నానమ్మ అక్కడే చతికిలబడింది.

"ఆకలికి తినేసిందే తల్లీ. మనమే తినిపించాం."

ఆ వెంటనే లేచి, మడిచీరతోనే గంపలో మిగిలిన చేపని తీసి కత్తిపీట ముందు కూర్చుంది.

"నానమ్మా, ఇయ్యాల సోమారం!"

"శివుడికి నేను చెప్పుకుంటాలే, నువ్వు జరుగు."

ముక్కలు దాని ముందు పెట్టింది. రాణి మా చేతుల వంక చూసి, వణుకుతూ మిగిలిన రెండు పిల్లల మీదికి జరిగింది. మేమిద్దరం బయటికొచ్చి తలుపు వేశాకే తింది.

ఆ పిల్లలు బతికాయి. తర్వాత ఏ కార్తీకంలోనైనా నానమ్మ ముందు పిల్లి వాటా కోశాకే స్నానానికి వెళ్ళేది. ఇప్పుడు నానమ్మ లేదు. మా ఇల్లున్న చోట చేపల చెరువు తవ్వారు, వీధి ఆనవాలు కూడా లేదు.

మొన్న లిఫ్టులో ఐదో అంతస్తు ఆవిడ తన కుక్కపిల్లని ఎత్తుకుని గర్వంగా చెప్పింది: "శనివారాలు నాతోపాటు వీడూ ఉపవాసమేనండీ. నోరెత్తడు."

"ముందు దానికి అన్నం పెట్టండి, ఇప్పుడే వెళ్ళి పెట్టండి" అని అరిచాను. ఆవిడ బిత్తరపోయి కుక్కపిల్లని గుండెకి హత్తుకుంది.