నాయన నడిపితేనే ఆగే బండి

మా బ్యాటరీ బండి దారిలో మొదటిసారి ఆగినప్పుడు పాప సంతోషపడింది. ఆలస్యమైతే బడిలో ప్రార్థన తప్పుతుంది కదా. వంక దాటి మిట్ట ఎక్కుతుంటే బండి ఉన్నట్టుండి చచ్చుబడిపోయిందట. తోలుతున్న తాత, అంటే మా నాయన, దిగి సీటు మీద రెండు దెబ్బలు వేస్తే మళ్లీ కదిలిందట. ఇంటికొచ్చి అదంతా నటించి చూపించింది. నాకు నవ్వు రాలేదు. ఆ రోడ్డు మీద కంకర టిప్పర్లు తిరుగుతాయి. ఆగిన బండి, దాని వెనకే వస్తున్న టిప్పరు, ఆ రోజంతా నా కళ్ల ముందు అవే.

అమ్మ పోయాక నేను పాపను తీసుకుని కొనకనమిట్ల దగ్గరున్న మా ఊరికి, నాయన దగ్గరికి వచ్చేశాను. మా ఆయన ఉద్యోగం హైదరాబాదులో. పాపను బడికి తీసుకుపోయే పని నాయన తనంతట తానే పెట్టుకున్నాడు. అమ్మ లేని ఇంట్లో ఆయన పొద్దున్నే లేచి గడ్డం గీసుకోవడానికి అదొక్కటే కారణం. అందుకే ఆ బండి ఎట్లయినా బాగుపడాలని ఆయన కంటే నాకే ఎక్కువ ఉండేది.

రానురాను ఆగడం ఎక్కువైంది. "లో ఓల్టేజీ అమ్మా," అన్నాడు నాయన. బోరు మోటార్లతో వయసు గడిపిన మనిషి. ఏది ఆగినా ఆయన లెక్కలో తప్పు కరెంటుదే.

పొదిలిలో బండ్లు బాగుచేసే సాయిబు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన సీటెత్తి, బ్యాటరీ నుంచి కంట్రోలరుకు పోయే లావు వైర్లు పట్టి చూశాడు. మోటారుకు కరెంటు ఎప్పుడివ్వాలో, ఎప్పుడాపాలో చూసుకునే డబ్బా అది. కనెక్టరు నల్లబడిందని మార్చాడు. ఇంటికి వస్తుంటే బండి మళ్లీ ఆగింది. ఇంకోసారి పోతే, కరెంటు ఎక్కువైతే తెంపేసే బ్రేకరు మార్చి, తనే బజారంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఎక్కడా ఆగలేదు.

"పెద్దాయనా, నేను తోలితే గుర్రం, నువ్వు తోలితే గాడిద. నీ మీదేమన్నా అలిగిందా ఏంది?"

"నా కూతురు మాదిరే సాయిబూ. బయటోళ్ల కాడ బుద్ధిగా ఉంటాది, నా కాడే మొండికేస్తాది."

ముగ్గురం నవ్వుకున్నాం. నేను తోలినా బండి ఆగదని అప్పటికే నాకు తెలుసు. నాయన బరువుకేమో, మిట్టకేమో అని సర్దిచెప్పుకున్నాను.

బ్యాటరీ విప్పి చూడాలి, వదిలిపెట్టి పొమ్మన్నాడు సాయిబు. దానికి ముందు నేనొకసారి చూద్దామనుకున్నాను. చదివింది ఎలక్ట్రికలే. కాలేజీనాటి మీటరు పెట్టెలో అట్లే ఉంది. కంట్రోలరులోకి పోయే వైర్లకు దాని పిన్నులు తగిలించి, మీటరు ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం నాయన వెనక కూర్చున్నాను. మిట్ట మీద బండి ఆగింది. మీటరులో అంకె మాత్రం పడిపోలేదు. మోటారు లాగడం ఆగినందుకు కాస్త పెరిగింది కూడా. అంటే బ్యాటరీ ఇస్తూనే ఉంది. డబ్బాకు కరెంటు అందుతూనే ఉంది. ఆపమని దానికి ఇంకెవరో చెబుతున్నారు.

నేను దిగి, "మళ్లీ పోనీ నాయనా," అన్నాను. ఆయన ముందుకు పోయాడు. పొద్దు గుంకింది. బండి నెమ్మదించక ముందే వెనక బ్రేకు లైటు ఎర్రగా వెలిగింది.

ఈ బండ్లలో బ్రేకు పిడి కొంచెం నొక్కుకున్నా చాలు, మోటారుకు కరెంటు ఆగిపోతుంది. పరుగెత్తుకుంటూ పోయాను.

"బ్రేకెందుకు పట్టినావు నాయనా?"

"నేనేడ పట్టినానమ్మా?"

ఇద్దరం కిందికి చూశాం. ఎడమచేతి వేళ్లు నాలుగూ పిడి చుట్టూ ముడుచుకుని ఉన్నాయి.

"తియ్యి నాయనా."

ఆయన ఆ చేతి వైపు, పక్కన కూర్చున్న మనిషి చేతిని చూసినట్టు చూశాడు. వేళ్లు రాలేదు. నేనే ఒక్కొక్కటీ విడదీశాను.

మా వైపు నీళ్లలో ఫ్లోరైడు. మెడ తిరగని వాళ్లు, చేయి చాపలేని వాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. నాయన చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తడుముకుంటున్నా, అడుగులు చిన్నవైనా, నీళ్ల గుణమే అనుకున్నాం. నీళ్ల క్యాన్లు తెప్పించుకుని ఊరుకున్నాం. ఒంగోలులో డాక్టరు ఆయన చేత పిడికిలి మూయించి, తెరిపించి, వరండాలో నడిపించి చూశాడు. ఇది నీళ్ల వల్ల వచ్చింది కాదు, నరాల జబ్బు అన్నాడు. మందులతో కొంత అదుపులో ఉంటుందట, పోవడం మాత్రం ఉండదట. బండి ఇక తోలకూడదు అన్నాడు.

బస్సులో నాయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. మరునాడు బండి దగ్గర నిలబడి నన్ను పిలిచాడు.

"ఆ బ్రేకు కాడి వైరొకటి పీకేస్తే బండి ఆగదు గదమ్మా?"

నిజమే. చిన్న ప్లగ్గు అది, రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. తర్వాత మోటారు ముందుకు లాగుతుంటే చేయి బ్రేకు బిగించి పట్టుకుంటుంది. ముందు పాప నిలబడి ఉంటుంది.

"ఆగదు నాయనా," అన్నాను. నా చూపు పాప నిలబడే చోటికి పోయింది.

ఆయనా అటే చూశాడు. జేబులోంచి తాళంచెవి తీసి సీటు మీద పెట్టాడు. "పాపకు చెప్పొద్దు. బ్యాటరీ దిగిపోయిందను."

"మరి అమ్మ తోలితే ఎట్ల నడుస్తాంది?" అని పాప అడగనే అడిగింది.

"మీ అమ్మ ఇంజనీరు గదా. ఆమెంటే దానికి భయం."

ఇప్పుడు బండి నేనే తోలుతున్నాను. నాయన ఇప్పటికీ పొద్దున్నే గడ్డం గీసుకుంటాడు. పాప ముందు నిలబడుతుంది, ఆయన వెనక కూర్చుని బస్టాండు దగ్గర టీకొట్టు దాకా వస్తాడు. ఎందుకు తోలడం లేదని అక్కడివాళ్లు అడిగితే బ్యాటరీ సంగతే చెబుతాడు. నేను కూడా అవునంటాను. దారంతా ఆయన ఎడమచేయి నా భుజం మీద ఉంటుంది. దిగే చోట ఆ వేళ్లు నన్ను వదలవు. బండి ఆపేసి, చున్నీ సర్దుకుంటున్నట్టు చేయి వెనక్కి పెట్టి, ఒక్కొక్క వేలూ నెమ్మదిగా విడదీస్తాను.

"ప్రార్థన అయిపోతాది, పోనీ అమ్మా," అంటుంది ప్రార్థన తప్పితే సంతోషపడే పాప, ముందుకే చూస్తూ.